చెంపదెబ్బ తర్వాత కెమెరా ఎవరి దగ్గర ఉంది?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకి చదువుకునే కుర్రాడి మీద 52 నిమిషాల సినిమా తీశారు. సగం మీ డబ్బు, సగం స్నేహితుల డబ్బు. బంజారాహిల్స్‌లో ఒక చిన్న ప్రదర్శన పెట్టుకున్నారు. అయిపోయాక ఒకావిడ లేచి, ఇది ఆడవాళ్లను కించపరిచే సినిమా అన్నారు. మీకు చాలా కష్టమనిపించింది. ఐటెం సాంగ్ లేదు, బొడ్డు మీద క్లోజప్ లేదు, డబుల్ మీనింగ్ డైలాగ్ ఒక్కటీ లేదు, హీరోయిన్ సినిమా అంతా కాటన్ చుడీదార్‌లోనే కనిపిస్తుంది, పైగా ఇది మీ రూమ్మేట్‌కి నిజంగా జరిగిన కథ. నిజం చూపిస్తే అది స్త్రీద్వేషం ఎలా అవుతుంది, కమర్షియల్ సినిమాని అనాల్సిన మాట మమ్మల్ని ఎందుకంటారు అని అడిగారు.

మీరిచ్చిన లింకులో సినిమా మొత్తం చూశాను. ఆ తర్వాత సౌండ్ తీసేసి ఇంకోసారి చూశాను. ఎడిటింగ్ టేబుల్ మీద బతికేవాళ్లకు ఇది అలవాటు. మాటలూ పాటలూ లేకపోతే, సినిమా ఎవరిని చూస్తోందో, ఎవరిని వదిలేస్తోందో తెలిసిపోతుంది. చూశాక నాకనిపించింది ఇదీ: ఆవిడ అన్నది నిజమే. మీ సినిమాలో పనితనం ఉందన్నదీ నిజమే. చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో చెట్ల కింద కుర్చీలు వేసుకుని చదివే పిల్లలు, మెస్‌లో బాకీ రాసుకునే నోట్‌బుక్కు, ఒకే రూంలో నలుగురు వంతులేసుకుని నిద్రపోవడం, ఇవన్నీ ఇంత దగ్గరగా తెలుగు తెర మీద నేను చూడలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. చేతగానివాళ్ల సినిమా అయితే రెండు ముక్కల్లో తేల్చేసేదాన్ని.

"నిజంగా జరిగింది" అన్న మాట దగ్గర మొదలుపెడదాం. ఎవరికి జరిగింది? మీ రూమ్మేట్‌కి జరిగింది, అతను చెప్పాడు, మీరు రాశారు. ఆ అమ్మాయికి కూడా జరిగింది కదా. ఆమెను అడిగారా? అడగడానికి వీలు కాకపోయి ఉండొచ్చు, పెళ్లయి వెళ్లిపోయిందంటున్నారు. పోనీ, అలాంటి అమ్మాయిని ఇంకెవరినైనా అడిగారా? మీ సినిమాలో అబ్బాయి గురించి నాకు తెలిసినవి చెప్తాను. ఊరు జనగామ దగ్గర. నాన్నకు పక్షవాతం. రెండెకరాలు కౌలుకిచ్చారు. రెండుసార్లు ప్రిలిమ్స్ రాశాడు. మెస్‌లో బాకీ ఉంది. పాలిటీ బాగా వచ్చు, ఎకానమీ రాదు. ఇక అమ్మాయి గురించి తెలిసినవి: పేరు, నవ్వు, పెళ్లి. ఏ ఊరో తెలీదు. ఏ హాస్టల్లో ఉంటుందో తెలీదు. కోచింగ్ ఫీజు ఎవరు కడుతున్నారో తెలీదు. ఏ సబ్జెక్టు బాగా వచ్చో తెలీదు. అదే లైబ్రరీలో అవే పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటుంది, కానీ సినిమా మొత్తం మీద ఆమె ఒక్క పేజీ తిప్పగా నేను చూడలేదు. ఎప్పుడు చూసినా తలెత్తి అతని వంకే చూస్తుంటుంది.

మీ సినిమాలో అన్నిటికన్నా బలమైన చోటే నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. పేపర్ లీకేజీతో గ్రూప్-1 రద్దయిన వార్త వచ్చే సీను. మన పిల్లలు ఎంత నలిగిపోయారో చదివేవాళ్లకు గుర్తుండాలి కాబట్టి చెప్తున్నాను. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్ జరిగింది, లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ కొత్త నోటిఫికేషన్. మీ హీరో ఆ మార్చి వార్తని ఫోన్‌లో చదువుతాడు, మెట్ల మీద కూలబడతాడు, ఫోన్ వెలుతురులో మొహం. మంచి షాట్. ఆ వెంటనే కట్. అమ్మాయి గోరింటాకు చేతులతో, అమెరికా సంబంధం ఖాయమైందని చెప్తుంది. హాల్లో జనం "ఛీ" అన్నారని మీరే రాశారు.

ఒక్కసారి ఆలోచించండి, రద్దయిన పరీక్ష ఆ అమ్మాయి రాసింది కూడా! ఆమె హాల్ టికెట్టూ చెత్తబుట్టలోకే పోయింది. అబ్బాయికి ఇంటి నుంచి వచ్చే ఫోన్లో "ఇంకొక్కసారి రాయి నాయనా" అని వినిపిస్తుంది. ఆమెకు ఏమని వినిపించి ఉంటుంది? అశోక్‌నగర్ లేడీస్ హాస్టళ్లలో ఏ అమ్మాయిని కదిపినా చెప్తుంది: "ఈ ఒక్క నోటిఫికేషన్ చూస్తాం, రాకపోతే పెళ్లే." ఆ ఒప్పందం మీద ఇంట్లోంచి బయటికొచ్చిన పిల్లలు వాళ్లు. పరీక్ష వాయిదా పడ్డ ప్రతిసారీ అబ్బాయిలకు వయసూ డబ్బూ పోతాయి. అమ్మాయిలకు అవి పోవడమే కాక గడువే ముగిసిపోతుంది. అంటే మీ కథలో ఇద్దరూ ఒకే ప్రభుత్వం చేతిలో, ఒకే రోజు దెబ్బతిన్నారు. మీరు ఒకరి దెబ్బను విషాదం చేశారు, ఇంకొకరి దెబ్బను డబ్బాశ చేశారు. ఆవిడ అన్న మాటకు నా లెక్కలో అసలు ఆధారం ఇదే. మీరు ఆ పాత్ర మీద కోపంతో రాశారని నేననడం లేదు. ఆమెకు కూడా ఒక రోజు గడుస్తుందన్న ధ్యాసే స్క్రిప్టులో లేదు.

ఇక చెంపదెబ్బ. పెళ్లి సంగతి చెప్పగానే ఇందిరా పార్కు గేటు దగ్గర అతను ఆమెను కొడతాడు. మీరు దీన్ని సమర్థించలేదనీ, ఆవేశంలో మనుషులు అలా చేస్తారని చూపించారనీ రాశారు. కొట్టడం చూపించినందుకు నాకు అభ్యంతరం లేదు. మగాళ్లు కొడతారు, అది సినిమాలో రావాలి. కానీ కొట్టాక ఏం చేశారో మీ టైమ్‌లైన్ తెరిచి చూడండి. దెబ్బ పడింది, ఆమె మొహం ఒక్క క్షణం, అదీ సగం జుట్టు కప్పేసి ఉంది. తర్వాత అతని క్లోజప్. అతని చెయ్యి వణుకుతోంది. వయొలిన్. అతను వెనక్కి తిరిగి నడుస్తున్నాడు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లైట్లు, వాన, బారు, పాట. ఆమె ఏమైంది? చెంప మీద వేళ్ల గుర్తులతో హాస్టల్‌కి ఎలా వెళ్లింది? వార్డెన్‌కి ఏం చెప్పింది? నాలుగు రోజుల్లో పెళ్లి పెట్టుకుని ఇంట్లో ఏమని దాచింది? సినిమాకు అవసరం లేకపోయింది. దెబ్బ తిన్నది ఆమె, ఓదార్పు మాత్రం అతనికి. ఆ రెండు నిమిషాల పాట ప్రేక్షకుడికి చెప్పేది ఒక్కటే: కొట్టడం వల్ల కొట్టినవాడికి ఎంత నొప్పిగా ఉందో చూడండి. ప్రదర్శనలో ఆ దెబ్బకి విజిల్ పడిందని మీరే ఆశ్చర్యపోతూ రాశారు. నాకు ఆశ్చర్యమేమీ లేదు. మీ ఎడిటింగే ఆ విజిల్‌కి చోటిచ్చింది.

ఇలాంటి సీనే ఒకటి నా చేతుల మీదుగా పోయింది. కొత్త దర్శకుడు, చిన్న సినిమా, పేరు అనవసరం. రాత్రిపూట బస్టాప్‌లో భర్త కొట్టే సీను. స్క్రిప్టులో ఆమెకు రాసింది ఒక్కటే మాట, "ఏడుస్తుంది". రషెస్, అంటే షూట్ చేసిన ముడి ఫుటేజ్, మొత్తం చూస్తుంటే ఒక టేక్ చివర దర్శకుడు కట్ చెప్పడం ఆలస్యమైంది. ఆ అమ్మాయి ఏడుపు ఆపేసింది, కానీ పాత్రలోంచి బయటికి రాలేదు. వంగి, జారిపోయిన చెప్పు కాలికి తొడుక్కుంది. చెవి తడుముకుంది, కమ్మ ఉందో లేదో అని. ఉంది. మెడ దగ్గర చీర సర్దుకుంది. బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూసింది, ఎందుకంటే ఎవరేం చేసినా ఆమె ఇంటికి పోవాలి. దర్శకుడిని పిలిచి, అతని క్లోజప్ తీసేసి ఇది పెడదాం, సంగీతం వద్దు, రోడ్డు చప్పుడు చాలు అన్నాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెట్టమన్నాడు. థియేటర్లో ఆ చోట ఒక్కరు కూడా నోరెత్తలేదు. నటీనటులు వాళ్లే, లొకేషనూ అదే, దెబ్బ కూడా అదే. మీ దగ్గర కూడా అలాంటి టేక్ చివరలు తప్పకుండా ఉంటాయి. మీ హీరోయిన్ మంచి నటి, ఆ సగం క్షణంలోనే తెలిసింది.

ఇండిపెండెంట్ సినిమా మీద ఇలాంటి మాట రాకూడదని మీరెందుకు అనుకున్నారో నాకు తెలుసు. పెద్ద బ్యానర్ లేదు, స్టార్ లేడు, ఫైట్లు లేవు, కాబట్టి మనం శుభ్రంగా ఉన్నాం అనుకుంటాం. నిర్మాత చేతిలో లేకపోవడం వల్ల వచ్చే స్వేచ్ఛ చాలా విలువైనది. కానీ ఆ స్వేచ్ఛతో మనం ఎవరి కళ్లతో చూస్తామన్నది మన పెంపకాన్ని బట్టి, మన గదిని బట్టి ఉంటుంది. పది మంది మగపిల్లలు ఒక గదిలో కూర్చుని రాసిన స్క్రిప్టుకి పెద్ద నిర్మాత అక్కర్లేదు, ఆ గదే దాన్ని ఒకవైపుకి లాగేస్తుంది. 2017 లో వచ్చిన 'అర్జున్ రెడ్డి' గుర్తు చేసుకోండి. దర్శకుడికి మొదటి సినిమా, నిర్మాత సొంత అన్న. పద్ధతిలో అది చాలావరకు మనలాంటి సినిమానే. హీరో తాగుడూ కోపమూ ఏడుపూ అన్నిటికీ మూడు గంటల పొడవునా చోటు దొరికింది. ఆ అమ్మాయి నోట మాట వినడానికి మాత్రం చెవులు రిక్కించాలి. మొదటి ముద్దు అడగకుండానే జరిగిపోతుంది, అదే ప్రేమకు మొదలవుతుంది. అప్పుడు హైదరాబాద్‌లో జరిగిన గొడవ దేని మీదో గుర్తుందా? పోస్టర్ మీద ముద్దు ఉందని. కాంగ్రెస్ నాయకుడు వి.హనుమంతరావు గారు బస్సు మీద అతికించిన పోస్టర్ చించారు, వారమంతా టీవీల్లో అదే చర్చ. ముద్దు కనబడడం తప్పా ఒప్పా అని అందరూ కొట్టుకున్నారు, ఆమెను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న ఎక్కడో మూలన పడిపోయింది. ఒళ్లు కనబడకపోతే గౌరవం ఉన్నట్టే అని మనం ఇప్పటికీ అనుకోవడానికి ఇలాంటి చర్చలే కారణమని నా అభిప్రాయం. కాటన్ చుడీదార్ మీకు రక్షణ ఇస్తుందని మీరు నమ్మడం కూడా అక్కడి నుంచే వచ్చింది.

మన ఊళ్లోనే ఇంతకన్నా మంచి పాఠాలున్నాయి. శ్యామ్ బెనెగల్ పుట్టి పెరిగింది సికింద్రాబాద్ వైపే. ఆయన 'అంకుర్' 1974 లో వచ్చింది, తీసింది హైదరాబాద్ పరిసరాల్లో. చివర్లో భూస్వామి కొడుకు ఆమె భర్తను కొరడాతో కొడతాడు. తర్వాత కెమెరా ఆ కొట్టినవాడి పశ్చాత్తాపం వెంట పరిగెత్తదు. లక్ష్మి పరిగెత్తుకొచ్చి అతన్ని తిడుతుంది, శపిస్తుంది. సినిమా నిలబడి ఆ తిట్లన్నీ వింటుంది. అతను ఇంట్లోకి వెళ్లి దాక్కుంటాడు. బి.నర్సింగరావు గారి 'దాసి' (1988) మరీ దగ్గరి ఉదాహరణ. గడీలో ఆడబాపగా, అంటే దొరల ఇంట్లో ఊడిగం చేసే దాసిగా ఉన్న కమలాక్షి మీద దొర చేసే అఘాయిత్యం కథలో ఉంది, బలవంతపు గర్భస్రావం ఉంది. అంత హింస ఉన్న కథలో మనకు గుర్తుండిపోయేది కమలాక్షి చేసే పని, ఆమె మౌనం, ఆ గడీ గోడలు. నటి అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. వైకుంఠం గారి కళా దర్శకత్వానికీ, సుదర్శన్ గారి దుస్తులకూ, ఎ.కె.బీర్ ఛాయాగ్రహణానికీ కూడా జాతీయ పురస్కారాలు వచ్చాయి. అంటే ఆ అమ్మాయి కట్టుకున్న బట్ట దగ్గర నుంచి ఆమె నిలబడ్డ గోడ దాకా ఒక్కొక్కరూ ఆమె బతుకు గురించి ఆలోచించారన్నమాట. మీరు మెస్ నోట్‌బుక్కు గురించి ఆలోచించినంత శ్రద్ధగా.

సిద్ధాంతాలు పెద్దగా చెప్పను. సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975 లోనే రాసింది, సినిమా కెమెరా మగవాడి చూపుని అందరి చూపుగా చేసి పెడుతుందని. అది చదవండి, మంచిదే. ఇద్దరు పేరున్న ఆడపాత్రలు మగాడి గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడుకుంటారా అన్న బెక్డెల్ పరీక్ష 1985 నాటి ఒక కామిక్‌లోంచి వచ్చింది. ఆ పరీక్ష దాటేయడం సులువు, ఇద్దరమ్మాయిలతో కూరగాయల గురించి రెండు డైలాగులు చెప్పిస్తే సరిపోతుంది. సెన్సార్ మార్గదర్శకాల్లో కూడా 1991 నుంచి ఆడవాళ్లను కించపరిచే దృశ్యాలు ఉండకూడదని రాసే ఉంది. కానీ ఏ కమిటీ అయినా ఒక దృశ్యాన్ని తీసేయమనగలదు, దృష్టిని తీసేయమనలేదు. మీది యూట్యూబ్‌లో పెట్టే సినిమా, ఆ గుమ్మం ఎక్కే పనే లేదు. కాబట్టి చూసుకోవాల్సింది మీరే.

మీ సినిమాలో లేదుగానీ మీ తర్వాతి స్క్రిప్టు గురించి ఒక వాక్యం రాశారు, "ఈసారి బోల్డ్ క్యారెక్టర్ పెడతాను" అని. అక్కడ కూడా జాగ్రత్త. చిన్న సినిమాల్లో ఈ మధ్య ఒక అమ్మాయి తరచూ కనిపిస్తోంది. బుల్లెట్ నడుపుతుంది, సిగరెట్ కాలుస్తుంది, అర్ధరాత్రి ఇరానీ చాయ్‌కి పిలుస్తుంది, ముడుచుకుపోయిన హీరోకి బతకడం నేర్పించి గంటన్నర తర్వాత ఎటో వెళ్లిపోతుంది. ఆమెకు అద్దె కట్టే బాధ ఉండదు, అమ్మ ఉండదు, నెలసరి రాదు. ఆమె కూడా హీరో కోసమే పుట్టింది, బట్టలు మాత్రం మారాయి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం వినగానే తగులుతుంది. మీ హీరో జనగామ యాసలో మాట్లాడతాడు, ఎంత బావుందో. మెస్ యజమాని కూడా యాసే. ఆ అమ్మాయి మాత్రం టీవీ యాంకర్‌లా మాట్లాడుతుంది. ఆ నటి మాట్లాడింది కాదది, ఎవరితోనో డబ్బింగ్ చెప్పించారు, పెదవులు చూస్తే తెలిసిపోతోంది. ఆమె నోరు "పోతున్న" అంటోంది, గొంతు "వెళ్తున్నాను" అంటోంది. తెలంగాణ యాస మాట్లాడే ఆడది మన సినిమాల్లో పనిమనిషి కావాలి, లేకపోతే నవ్వించాలి, లేకపోతే తిట్లు తిట్టాలి. ప్రేమించదగ్గ అమ్మాయి అనగానే గొంతు సన్నబడిపోతుంది, యాస మాయమైపోతుంది. తెలుగమ్మాయిని, అందులోనూ ఇక్కడి పిల్లను తీసుకున్నందుకు మిమ్మల్ని మెచ్చుకుంటున్నాను. అలా తీసుకున్నాక ఆమె గొంతుని తీసేయడం ఎందుకు? ఆ నటితోనే మళ్లీ చెప్పించండి. ఒక పూట పని. సినిమా సగం బాగుపడుతుంది.

సెట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తెర మీద కనిపించేది అక్కడి నుంచే వస్తుంది. మీ టైటిల్స్ చూశాను. ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు నటి, ఇంకొకరు మేకప్. దర్శకత్వ శాఖలో లేరు, కెమెరా దగ్గర లేరు, ఎడిటింగ్‌లో లేరు. రాత్రి ఇందిరా పార్కు దగ్గర షూటింగ్ అయితే ఆ ఇద్దరూ బాత్రూంకి ఎక్కడికెళ్లారు? ప్యాకప్ అయ్యాక ఎవరు దింపారు? డబ్బు లేదని మనం కారవాన్ మానేస్తాం, సరే. దగ్గర్లో తెలిసినవాళ్ల ఇల్లొకటి మాట్లాడి పెట్టడానికి డబ్బక్కర్లేదు. చెంపదెబ్బ సీను ఎన్ని టేకులు తీశారు, దెబ్బ నిజంగా తగిలిందా, ముందు రిహార్సల్ చేశారా? "రియల్‌గా రావాలి" అని నటికి చెప్పకుండా నిజంగా కొట్టించే దర్శకులున్నారు. మీరలా చేశారని అనడం లేదు. చేసి ఉంటే మాత్రం, అది నటన కోసమైనా సరే, తప్పే.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013 లో వచ్చిన చట్టం సినిమా యూనిట్‌కీ వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పదిమందికన్నా తక్కువ ఉంటే ఫిర్యాదు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఇవ్వొచ్చు. మనది స్నేహితుల యూనిట్, మనకెందుకు అనుకుంటారు చాలామంది. స్నేహితుల యూనిట్‌లోనే అమ్మాయికి నోరు తెరవడం మరీ కష్టం, ఫిర్యాదు చేస్తే స్నేహం పోతుంది, అవకాశమూ పోతుంది. 2018 లో సినిమా రంగంలో లైంగిక వేధింపులపై ఫిల్మ్ ఛాంబర్ ముందు ఒక నటి నిరసన తెలిపాక ఊరంతా కదిలింది, ఆ మరుసటేడు రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది, 2022 లో ఉపసంఘం నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళలో, మలయాళ సినిమాలో ఆడవాళ్ల పరిస్థితులపై హేమ కమిటీ ఇచ్చిన నివేదిక బయటికొచ్చినప్పుడు, మన నివేదికను కూడా బయటపెట్టమని సమంత అడగాల్సి వచ్చింది. ఇవన్నీ తెరకు సంబంధం లేని విషయాలని అనుకోకండి. "ఈ అమ్మాయి ఇలా ఎందుకు చేస్తుంది సార్?" అని సెట్‌లో భయం లేకుండా అడగగలిగిన నటి ఒక్కరున్నా మీ పెళ్లి సీను మారిపోయేది.

మీరు చివర్లో అడిగారు: "అంటే చెడ్డ ఆడదాన్ని చూపించకూడదా? ప్రతి అమ్మాయీ దేవతే కావాలా?" వద్దు, దేవత అసలు వద్దు. దేవతను చేయడం కూడా మనిషిగా చూడకపోవడమే. డబ్బు కోసమే అమెరికా సంబంధం ఒప్పుకున్న అమ్మాయి గురించి తీయండి. కానీ ఆమె లెక్క వేసుకోవడం మాకు చూపించండి. ఎంత జీతం, ఎన్నేళ్లు చదువు, చెల్లెలి పెళ్లికి ఎంత కావాలి, ఈ అబ్బాయితో ఉంటే ఏమవుతుంది. ఆమె స్వార్థపరురాలైనా, ఆ స్వార్థంలోకి మేం అడుగుపెట్టగలిగితే ఆమె మనిషి అవుతుంది. అలాగే చెడ్డ మగాడినీ తీయండి. అతను ఎంత నీచంగా ఉన్నా, సినిమా అతనికి కొంచెం ఎడంగా నిలబడితే చాలు. ఆ ఎడం తెలియజేయడానికి డైలాగులు అక్కర్లేదు. ఎవరి మొహం మీద కట్ చేశారు, ఎక్కడ సంగీతం ఆపారు, చివర్లో ఎవరు ఎవరిని క్షమించారు, వీటితోనే ప్రేక్షకుడికి అందుతుంది. మీ ముగింపులో అతనికి ఉద్యోగం వచ్చాక ఆమె ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా వచ్చి ఏడుస్తూ క్షమించమంటుంది. దెబ్బ తిన్న మనిషి చేత క్షమాపణ చెప్పించారు. ఆవిడ లేచి మాట్లాడింది ఈ సీను చూశాకే అయి ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడేం చేయాలి? సినిమాని పారేయకండి, మళ్లీ మొత్తం తీయనూ అక్కర్లేదు. ఆ ఎయిర్‌పోర్టు సీను పూర్తిగా తీసేయండి. అతను అపాయింట్‌మెంట్ లెటర్ పట్టుకుని మెస్ బాకీ తీర్చే షాట్ దగ్గర సినిమా అయిపోతుంది, అది చక్కగా ఉంది. బారులో పాట తీసేయండి. "నమ్మితే ముంచే జాతి" అన్న పల్లవి మీద అభ్యంతరం చెప్పడం నాకు చాలా చిన్న మాటగా అనిపిస్తోంది. ఆ పాట ఒక అమ్మాయి మీద కోపాన్ని ఆడవాళ్లందరి మీదకి తోసేస్తోంది, అంతే కాక కథను నిలబెట్టేస్తోంది కూడా. దెబ్బ సీనులో ఆమె టేకుల చివరలన్నీ వెతకండి, కట్ చెప్పాక ఉన్నవి కూడా. తర్వాత ఒక్క రోజు షూటింగ్ పెట్టుకోండి. ఒకే లొకేషన్, లేడీస్ హాస్టల్ మెట్లు. అదే మార్చి సాయంత్రం, అదే వార్త ఆమె ఫోన్లో. ఇంటి నుంచి కాల్ వస్తుంది. నాన్న గొంతు వినిపించక్కర్లేదు. ఆమె "ఊఁ" అంటూ ఉంటుంది, ఆ "ఊఁ"లు ఒక్కొక్కటీ చిన్నవైపోతాయి. గేటు మూసే టైమైందని వార్డెన్ పిలుస్తుంది. ఈ సీను మీరు కాకుండా ఆ పరీక్ష రాసిన అమ్మాయి ఎవరైనా రాస్తే ఇంకా మంచిది. అశోక్‌నగర్‌లో కావలసినంతమంది ఉన్నారు, వెళ్లి కూర్చుని వినండి, రాసినవాళ్లకు డబ్బివ్వండి, టైటిల్స్‌లో పేరు వేయండి. దీన్ని అతని వార్త సీను పక్కనే పెట్టండి. అప్పుడు గోరింటాకు చేతులు కనబడగానే హాల్లో ఎవరూ "ఛీ" అనరు.

కొత్త కట్ అయ్యాక మళ్లీ సినిమావాళ్లకు చూపించకండి, మనవాళ్లు లెన్సుల గురించి మాట్లాడి పంపించేస్తారు. ఆ హాస్టళ్లలో పదిమంది అమ్మాయిలకు చూపించండి. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో వివరణ ఇవ్వకండి, రాసుకోండి. వీలైతే ఆ రోజు లేచి మాట్లాడిన ఆవిడను కూడా పిలవండి. నాకు మాత్రం సౌండ్ మిక్స్‌కి ఇవ్వకముందే పంపండి, సంగీతం లేని కట్. దెబ్బ తర్వాత ఎంతసేపు ఆమె దగ్గర ఉండాలో ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ జరిపి చూడాలి, మిక్స్ అయిపోతే అది కుదరదు.